హోలోగ్రామ్ తగిలిస్తే పచ్చ మరకే కనిపిస్తోంది, శనివారమే ప్రారంభం

ప్రశ్న: హన్మకొండలో మాదొక చిన్న గ్యాలరీ, ఒకటే హాలు. శనివారం సాయంత్రం హోలోగ్రామ్‌ల ప్రదర్శన మొదలవుతుంది, అంటే వెలుగు సరిగ్గా పడితే వస్తువు ఎదురుగా ఉన్నట్టే కనిపించే పలకలు. 14 గాజు పలకలు వచ్చాయి. ఒకదాంట్లో పెంబర్తి ఇత్తడి సెమ్మె ఉందట, మాకు కనిపించింది పచ్చ మరక! పెయింటింగ్‌లకు వాడే ఫోకస్ లైట్లే, రెండేసి వేశాం. పలకలు పాడయ్యాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పలకలకేం కాలేదు తమ్మీ, గొడవంతా మీ లైట్లతోనే. ముందు హాలంతా చీకటి చేసి, సెల్‌ఫోన్ టార్చ్‌ను పలక పైవైపు నుంచి నెమ్మదిగా తిప్పి చూడు. ఒకచోట సెమ్మె టక్కున లేస్తుంది. బల్బు అక్కడే ఉండాలి. పలక మీద ఉండేది బొమ్మ కాదు, రెండు లేజర్ కాంతులు కలిసి గీసిన అతి సన్నని గీతలు. తీసినప్పుడు లేజర్ ఏ వైపు నుంచి పడిందో చూసేటప్పుడూ వెలుగు అటునుంచే రావాలి. ఎక్కువగా పైనుంచి 45 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండు బల్బులు వేస్తే రెండు సెమ్మెలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పాలరంగు బల్బు అసలొద్దు, వెలుగు చిన్న చుక్క నుంచి రావాలి. లేకపోతే లోపలికి ఉన్న భాగమంతా మసకబారుతుంది.

ఇంకో మాట. మేం ఒకసారి పెట్టినప్పుడు ముఖ్య అతిథి రాగానే ఫోటోల కోసం ఎవరో ట్యూబ్‌లైట్లన్నీ వేశారు. బొమ్మలన్నీ వెలిసిపోయాయి, ఆయన ఖాళీ గాజును చూసి తలూపి వెళ్లిపోయారు. జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు అన్నీ వరండాలోనే కానివ్వండి. తర్వాత పదిమంది చొప్పున లోపలికి పంపండి. అటూ ఇటూ కదిలి చూస్తేనే మజా, కిక్కిరిస్తే ఎవరికీ ఏమీ కనపడదు.

ప్రశ్న అడిగినవారు: టార్చ్ పెట్టగానే సెమ్మె గోడలోంచి బయటికి వచ్చినట్టుంది అక్కా! కానీ రెండు పలకలు ఎంత తిప్పినా ఉత్త గాజే.

మరొకరి జవాబు: అవి వెనక నుంచి వెలుగు పడాల్సినవి అయ్యుంటాయి అన్నా. ముందు నుంచి మామూలు బల్బుతో చూసే రకానికి దారి వేసింది సోవియట్ శాస్త్రవేత్త డెనిస్యుక్, 1962లో. వెనక నుంచి తెల్ల వెలుగు వేస్తే రంగులు మారే ఇంద్రధనుస్సు రకం అమెరికా శాస్త్రవేత్త బెంటన్‌ది, 1968 నాటిది. గోడకు కొడితే ఎట్లా కనపడుతుంది? పైకప్పు నుంచి తీగెలతో వేలాడదీయండి. ఎత్తు మారితే రంగు మారుతుంది కాబట్టి పిల్లలకు ఒక పీట వేయండి. వెనక తెల్ల వెలుగు పెట్టినా తేలకపోతే అది లేజర్ కోరే పలక. దాన్ని పంపినవాళ్లు వచ్చి వెలిగిస్తేనే పెట్టండి, జనం కళ్లతో ప్రయోగాలొద్దు.

ఆహ్వానంలో కూడా ఒక ముక్క రాయండి. ఎన్నికల సభల్లో నాయకుడు స్టేజీ మీద ప్రత్యక్షమైనట్టు చూపించారే, అది పలచని తెర మీద ప్రతిబింబం, హోలోగ్రామ్ కాదు. సగం మంది దానికోసమే వస్తారు.

ప్రశ్న అడిగినవారు: ఒకదాని వెనక టార్చ్ పెట్టాం. ఎర్ర నెమలి! వంగితే పచ్చబడింది. రెండోది ఇంకా గాజే, దాన్ని పెట్టెలో పెట్టేశాం. తీగెల కోసం చౌరస్తాకు మనిషిని పంపాను.