పాప పియానో తప్ప వేరే చదువు వద్దంటోంది, తిరుపతిలో ఉండి ఇది అయ్యే పనేనా?

అలిపిరి_నాన్న:
మాది తిరుపతి, కె.టి. రోడ్డు పక్కన చిన్న మందుల షాపు. పాపకి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. ఐదేళ్లుగా ట్యూషన్‌కి పోయి నేర్చుకుంటోంది, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సంగీత పరీక్షల్లో ఐదో గ్రేడ్ డిస్టింక్షన్‌లో పాసైంది. మొన్న వేసవి సెలవుల్లో యున్‌చాన్ లిమ్ అనే కొరియా పిల్లాడి వీడియో చూసింది, 2022లో అమెరికాలో క్లైబర్న్ పియానో పోటీ గెలిచాడట. ఆ రోజు నుంచి ఇంట్లో అదే గోల. "వాడు పద్దెనిమిదేళ్లకే గెలిచాడు నాన్నా, నాకింకా నాలుగేళ్లు టైముంది" అంటుంది. వాళ్లమ్మ ఏమో బైపీసీలో చేర్చి నీట్ కోచింగ్ అంటుంది. నాకు సంగీతం గురించి ఓనమాలు తెలియవు. కచేరీలిచ్చే పియానిస్ట్ అంటే నిజంగా బతుకుతెరువు ఉంటుందా? ఇప్పటి నుంచి ఏం చేయాలి?

చెన్నైలో_చిత్తూరోడు:
అన్నా, ముందు బీరువాలోంచి ఆ సర్టిఫికెట్ తీసి చూడండి. దాని మీద పియానో అని ఉందా, ఎలక్ట్రానిక్ కీబోర్డ్ అని ఉందా? ట్రినిటీలో ఇవి రెండూ వేర్వేరు సబ్జెక్టులు, సిలబస్ వేరు. కీబోర్డ్ పరీక్షలో తాళం, వెనక వాయిద్యాలు చాలావరకు మెషీన్ చూసుకుంటుంది, ఎడమ చెయ్యి ఎక్కువగా కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం) పట్టుకుంటే సరిపోతుంది. పియానోలో ఎడమ చేతికి కుడి చేతితో సమానమైన పని, బాఖ్ అనే జర్మన్ స్వరకర్త రచనలు వాయిస్తే అది ఇంకా బాగా తెలుస్తుంది. పదిహేనేళ్లుగా ఇక్కడ పాఠాలు చెప్తున్నా, మనూళ్ల నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి ఈ తేడానే ఎవరూ చెప్పి ఉండరు.

ఇక కెరీర్ సంగతి. పెద్ద పోటీలకి వయసు హద్దు ఉంటుంది, పోలండ్‌లోని వార్సాలో ఐదేళ్లకోసారి జరిగే షోపాన్ పియానో పోటీకి 16 నుంచి 30 దాకా. బయట దేశాల కన్సర్వేటరీలు (సంగీత కళాశాలలు) ఆడిషన్‌లో ఒక బాఖ్ ప్రెల్యూడ్ ఫ్యూగ్, ఒక బీథోవెన్ లేదా మోజార్ట్ సొనాటా, ఒక షోపాన్ ఎట్యూడ్ లాంటి పెద్ద రచనలు అడుగుతాయి, చాలాచోట్ల నోట్స్ చూడకుండా. అమెరికాలో ఫిలడెల్ఫియాలో కర్టిస్ అనే మ్యూజిక్ స్కూల్లో 1928 నుంచి ఎవరికీ ట్యూషన్ ఫీజు లేదు, కానీ ఏటా తీసుకునేది చాలా కొద్దిమందినే. అలాంటి చోట్ల చదివొచ్చిన పియానిస్టుల్లో కూడా సొంత కచేరీల మీదే బతికేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లం పాఠాలు చెప్పుకుంటాం.

వీణమ్మ:
చిత్తూరోడు గారు, నిజమే చెప్పారు గానీ మొదటి రోజే పిల్లని అంత భయపెట్టాలా? నేను తిరుపతిలోనే ఎస్వీ సంగీత కళాశాలలో వీణ చదివా. మాకు మెట్లు కనిపించేవి: గుళ్లో వాయించడం, త్యాగరాజ ఆరాధనలో పాల్గొనడం, ఎప్పుడైనా మహతి ఆడిటోరియంలో అవకాశం వస్తుందని ఎదురుచూడడం. పియానోకి మన ఊళ్లో ఆ మెట్లే లేవు, అసలు చిక్కు అదని నాకనిపిస్తుంది, పిల్ల తెలివి కాదు. పైగా నా వీణ నేను ఎత్తుకుపోతాను, పియానిస్ట్ మాత్రం ఆ హాల్లో ఏది పెట్టుంటే దాని మీదే వాయించాలి, పాపం.

ఒంటిచేతి_మాట:
నేను జర్మనీలో చదివా. ప్రభుత్వ మ్యూజిక్ కాలేజీల్లో చాలా రాష్ట్రాల్లో ఫీజు ఉండదు, బాడెన్ వుర్టెంబెర్గ్‌లో మాత్రం మన దేశం వాళ్లు సెమిస్టర్‌కి 1500 యూరోలు కట్టాలి. జర్మన్ భాష పరీక్ష తప్పదు. రోజుకి ఆరు గంటలు సాధన చేసి చేసి రెండో ఏడు కుడి మణికట్టు పట్టేసింది. నొప్పి వస్తే ఆపాలని నాకెవరూ చెప్పలేదు, నేనూ వినేదాన్ని కాదులే. షూమన్ ఇరవై దాటిన కొత్తల్లోనే కుడి చేతి వేలు సరిగా పనిచేయక పియానిస్ట్ కావాలన్న ఆశ వదిలి స్వరకర్త అయిపోయాడు, అమెరికా పియానిస్ట్ లియన్ ఫ్లైషర్ కుడి చెయ్యి పనిచేయక ఏళ్ల తరబడి ఎడమ చేత్తోనే కచేరీలు ఇచ్చాడు. ఇప్పుడు నేను గాయకుల క్లాసుల్లో వెనక వాయిస్తా, నెలకి జీతం వస్తుంది. అది కూడా పియానిస్ట్ పనే అన్నయ్యా, పోస్టర్ మీద పేరుండదు అంతే.

వయసు మించిపోయిందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మొద్దు. సోవియట్ పియానిస్ట్ రిక్టర్ 22 ఏళ్లకి మాస్కో కన్సర్వేటరీలో చేరాడు, అప్పటిదాకా చాలావరకు సొంతంగా నేర్చుకున్నవాడే.

అలిపిరి_నాన్న:
సర్టిఫికెట్ చూశా. ఎలక్ట్రానిక్ కీబోర్డే. ఐదేళ్లూ ఫీజు కట్టింది నేనే, ఒక్కసారి కూడా చదివి చూళ్లేదు.

నిన్న తెలిసినవాళ్ల ద్వారా ఒక కాన్వెంట్ హాల్లో పాత పియానో ఉంటే తీసుకుపోయా. మూత తీస్తే లోపల దుమ్ము, రెండు మీటలు నొక్కితే పైకి లేవట్లేదు. మా పాప తనకొచ్చిన పాటే మొదలుపెట్టింది, ఇంట్లో గడగడా వాయించేది. మొదటి లైన్లో సగం స్వరాలు పలకనే లేదు. నొక్కితే సరిపోదట, ఎంత వేగంగా దించితే లోపల సుత్తి అంత గట్టిగా తీగని కొడుతుందట, అక్కడి సిస్టర్ చూపించారు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఒకే మీట మెల్లగా, గట్టిగా, మళ్లీ మెల్లగా నొక్కుతూ కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నా. "శనివారం మళ్లీ రావచ్చా?" అని సిస్టర్‌ని అడిగింది.

వాళ్లమ్మతో ఒప్పందం: పదో తరగతి అయ్యేదాకా బైపీసీ మాట ఎత్తదు. చిత్తూరోడు గారూ, ఆదివారాలు చెన్నై తీసుకొస్తే చూస్తారా? ఇంట్లోకి ఏం కొనాలి? మాది రెండో అంతస్తు, మెట్లు ఇరుకు.

చెన్నైలో_చిత్తూరోడు:
తీసుకురండి అన్నా. అప్‌రైట్ (నిలువు) పియానో చాలావరకు రెండొందల కిలోల పైనే ఉంటుంది, మీ మెట్ల మీద దాని జోలికి పోవద్దు. నొక్కితే అసలు పియానోలా బరువు తగిలే 88 మీటలున్న డిజిటల్ పియానో చూడండి, నలభై యాభై వేలల్లో దొరుకుతుంది. ఆ 61 మీటల కీబోర్డ్ మాత్రం రేపే ఎవరికైనా ఇచ్చేయండి.