పాత ప్యాలెస్‌లను హోటళ్లుగా మార్చడం సరైనదేనా?

మూసీ గట్టు:
మా చెల్లీ మరిదీ పెళ్లిరోజుకి ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక రాత్రి ఉండి వచ్చారు. 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఫొటో చూస్తే కళ్లు చెదిరాయి. వెంటనే బాధ కూడా వేసింది. ఆ కొండ కింద పుట్టి పెరిగినవాళ్లలో ఎంతమంది ఆ గేటు దాటి ఉంటారు? ఇలాంటి కట్టడాలు హోటళ్లకు ఇవ్వొచ్చా? మీరేమంటారు?

సున్నపు బట్టీ:
ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా చూడాలండీ. 1884లో నవాబు వికారుల్ ఉమ్రా కట్టడం మొదలుపెట్టిన ఆ మహల్ తర్వాత ఆరో నిజాం చేతికి వెళ్లింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశాక దాదాపుగా మూతపడే ఉంది. తాజ్ హోటళ్ల వాళ్లు నిజాం కుటుంబం దగ్గర లీజుకు తీసుకున్నాక, ఆ కుటుంబపు కోడలు యువరాణి ఎస్రా దగ్గరుండి చూసుకున్నా బాగుచేయడానికి పదేళ్లు పట్టింది. 2010 నవంబర్‌లో తెరిచారు.

నేను పాత ఇళ్ల మరమ్మతు పనిలోనే ఉన్నాను. ముందు పిట్టగోడ మీద కాకి రెట్టలోంచి రావిమొక్క లేస్తుంది. ఎవరూ పీకరు. వేరు సున్నంలోకి దిగి రాయిని పక్కకు నెడుతుంది. ఆ సందులోంచి వాన నీళ్లు దూలం మీదికి చేరతాయి. అప్పుడు ఓనరు సిమెంటు మేస్త్రీని పిలుస్తాడు. సున్నపు గోడ తడిని పీల్చి మళ్లీ వదిలేస్తుంది, పైన సిమెంటు పడితే తడి లోపలే ఉండిపోయి పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. సరిగ్గా చేయాలంటే బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపిన డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) కావాలి, పూతకీ పూతకీ మధ్య ఆరనివ్వాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తక్కువ, కూలి ఎక్కువ. ఏటేటా ఆ ఖర్చు ఎవరు పెడతారు? అక్కడ గదుల అద్దె పెడుతోంది.

లాడ్‌బజార్ టీచర్:
అన్నా, ఖర్చు మాట నిజమే. మరి చౌమహల్లా ప్యాలెస్? అదీ నిజాం కుటుంబానిదే, ఎస్రా గారు బాగుచేయించిందే. టికెట్ కొంటే ఎవరైనా వెళ్లొచ్చు. 2010లో యునెస్కో పురస్కారం కూడా వచ్చింది. మా స్కూలు పిల్లల్ని తీసుకెళ్తే, దర్బారు హాల్లో షాండ్లియర్ల కింద మెడలు వెనక్కి వాల్చి అలాగే నిలబడిపోయారు. ఫలక్‌నుమాకి వాళ్లను ఎలా తీసుకెళ్లను?

సున్నపు బట్టీ:
చౌమహల్లా చార్మినార్ పక్కనే ఉందమ్మా, జనం వస్తారు. అన్నిటికీ ఆ అదృష్టం లేదు. ఎర్రమంజిల్ ప్యాలెస్‌నే తీసుకోండి, 2019లో కూల్చేసి అసెంబ్లీ కడతామన్నారు. హైకోర్టు అడ్డుకోబట్టి మిగిలింది. అలాంటి చోట హోటల్ వచ్చినా నాకు సంతోషమే.

లాడ్‌బజార్ టీచర్:
రానివ్వండి. కానీ అది సర్కారు భవనం, మన సొమ్ము. వారానికి ఒక రోజు మామూలు టికెట్‌తో హాలు, మెట్లు, తోట జనానికి తెరవాలని, సర్కారు బడులకు ఉచితమని లీజు కాగితంలోనే రాయాలి. ఆ షరతు లేకపోతే నేను ఒప్పుకోను.

సున్నపు బట్టీ:
పెళ్లిళ్ల సీజన్‌లో హోటల్ వాళ్లు ఇవ్వరు, పెద్ద రాబడి అక్కడే. మంగళవారం అని రాయించండి. ఆ రోజు మనవాళ్లు ముహూర్తాలు పెట్టరు.