ఎక్స్‌ప్లోరర్ పడిపోతున్నది, డిస్క్ పసుపుపచ్చ చూపిస్తున్నది: ముందు స్లాష్ ఆరా, ముందు కాపీనా?

పరకాల_పీసీ
ఇంట్ల డెస్క్‌టాప్, విండోస్ 10, 1 టీబీ హార్డ్‌డిస్క్. డి డ్రైవ్‌ల పెండ్లి ఫోటోల ఫోల్డర్ తెరిస్తే పైన ఆకుపచ్చ గీత సగం దాక పోయి ఆగుతది. కాసేపటికి ఎక్స్‌ప్లోరర్ మూసుకుపోతది, టాస్క్‌బార్ మాయమై మల్ల వస్తది. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోల పసుపుపచ్చ 'కాషన్', కరెంట్ పెండింగ్ సెక్టార్ (డిస్క్ చదవలేక ఆపిపెట్టిన ముక్కలు) 8. చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు వెతికే విండోస్ కమాండ్) స్లాష్ ఆర్ కొట్టాల్నా వద్దా?

చౌరస్తా_సర్వీస్
కొట్టు తమ్మీ. కమాండ్ ప్రాంప్ట్ అడ్మినిస్ట్రేటర్‌గ తెరువు, డి డ్రైవ్ మీద స్లాష్ ఆర్. స్లాష్ ఎఫ్ (ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేసుడు) వేరే పెట్టే పని లేదు, ఆర్‌లనే అది ఉంటది. మొత్తం ఐదు స్టేజీలు, నాలుగు ఐదుల్లనే పొద్దు పోతది, రాత్రంత పెట్టి పడుకో. 8 అంటే బెదిరే లెక్క కాదు. ఇప్పటి డిస్కులల్ల అసలు సెక్టార్ 4096 బైట్లు, దాన్ని 512 చొప్పున లెక్కబెడితే 8. అంటే పాడైంది ఒక్కటే. రాస్తుండంగ కరెంట్ పోయినా గట్లయితది. ఎక్స్‌ప్లోరర్ పడిపోవుడుకు డిస్క్‌తోని సంబంధమే లేదు, అది కోడెక్ ప్యాక్ (వీడియోలు ఆడిచ్చే సాఫ్ట్‌వేర్) పని.

ములుగురోడ్_మీమ్స్
కరెంట్ పెండింగ్ అంటే బిల్లు కట్టలేదా అన్నా?

భద్రకాళి_బ్యాకప్
ఇప్పుడే స్లాష్ ఆర్ వద్దు. అది డిస్క్ మొత్తం చదువుతది, చదవరాని క్లస్టర్‌ను చెడ్డదని గుర్తుపెట్టి పక్కకు పెడుతది. ఆ ముక్కల ఉన్న ఫోటో అయిపోయినట్టే. ఫైల్ సిస్టమ్ చెదిరి ఉంటే ముక్కలన్నీ 'ఫౌండ్.000' ఫోల్డర్‌ల పేర్లు లేకుండ పడుతయ్. అన్న చెప్పిన 8 లెక్క కరెక్టే, కరెంట్ పోతే వచ్చిన పెండింగ్ ఆ సెక్టార్ మీద కొత్తగ రాస్తే పోతది గూడ. కాని కొత్తది రాస్తే పాతది ఏమైతది?

ఎక్స్‌ప్లోరర్ సంగతి ఊహించే పనిలేదు. ఈవెంట్ వ్యూయర్‌ల అప్లికేషన్ లాగ్ చూడు. 1000 ఉంటే క్రాష్, 1002 ఉంటే హ్యాంగ్, అంటే దేనికోసమో కాచుకొని కూసున్నది. అదే నిమిషంల సిస్టమ్ లాగ్‌ల 'డిస్క్' పేరు మీద 7 గాని 153 గాని ఉంటే ఆ కాచుకున్నది డిస్క్ కోసమే.

కాజీపేట_జంక్షన్
సాటా కేబుల్ (డిస్క్‌ను మదర్‌బోర్డ్‌కు కలిపే వైరు) మార్చిర్రా?

చౌరస్తా_సర్వీస్
1000 ఉంటదని రాసిస్త. దాంట్ల 'ఫాల్టింగ్ మాడ్యూల్' పేరు చూడు, వీడియో థంబ్‌నెయిల్ (చిన్న బొమ్మ) చేసే డీఎల్‌ఎల్ ఫైల్ దొరుకుతది. షెల్‌ఎక్స్‌వ్యూల (ఎక్స్‌ప్లోరర్‌కు తగిలిన యాడ్-ఆన్లు చూపే టూల్) మైక్రోసాఫ్ట్‌వి దాచి మిగిలినవన్ని ఎఫ్7 కొట్టి ఆపు. ఫోల్డర్ ఆప్షన్స్‌ల వ్యూ ట్యాబ్: థంబ్‌నెయిల్స్ వద్దు, ఐకాన్లే చూపియ్యి అని టిక్. 'సెపరేట్ ప్రాసెస్' టిక్ గూడ పెట్టు, కిటికీ పడ్డా టాస్క్‌బార్ నిలవడ్తది.

హన్మకొండ_విజిటర్
విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 11 వేసుకోండి.

భద్రకాళి_బ్యాకప్
విండోస్ మారిస్తే సెక్టార్ మారదు సార్.

థంబ్‌నెయిల్స్ ఆపుడు మంచిదే, డిస్క్ మీద భారం తగ్గుతది. కాని కాపీకి ఎక్స్‌ప్లోరర్ వాడకు తమ్మీ. రోబోకాపీ (విండోస్‌లనే ఉన్న కాపీ కమాండ్) వాడు, చివర స్లాష్ ఆర్:1 స్లాష్ డబ్ల్యూ:1 తప్పక పెట్టు.

పరకాల_పీసీ
అక్కా, నువ్వు గూడ స్లాష్ ఆరే అంటున్నవ్. మరి లొల్లేంది?

భద్రకాళి_బ్యాకప్
అది వేరు, ఇది వేరు! చెక్‌డిస్క్‌ల ఆర్ అంటే చెడ్డ సెక్టార్లు వెతుకుడు. రోబోకాపీల ఆర్ అంటే ఫెయిలైతే ఎన్నిసార్లు మల్ల ప్రయత్నం చెయ్యాలె అని. ఏం పెట్టకపోతే 10 లక్షల సార్లు, సారి సారికి 30 సెకన్లు ఆగుడు, ఆ ఆగుడే డబ్ల్యూ. ఒక్క పాడైన ఫోటో కాడ్నే దగ్గర దగ్గర ఏడాది కూసుంటది. గందుకే 1, 1.

డిస్క్ టక్ టక్ అంటే మాత్రం ఏదీ చెయ్యకు, పవర్ తీసెయ్యి. మంచి పద్ధతంటే లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచి డీడీరెస్క్యూ (పాడైతున్న డిస్క్‌ను కాపీ చేసే టూల్). బాగున్న భాగం ముందు తీస్తది, మ్యాప్‌ఫైల్ (ఎంతవరకు చదివిందో రాసుకునే ఫైల్) ఉంటే మధ్యల ఆగినా అక్కడి నుంచే నడుస్తది. ఇంకో 1 టీబీ డిస్క్ కావాలె.

జమ్మికుంట_09
సర్వీసోళ్ల మాట వింటే ఇంతే. ఒక షాపుల ఇస్తే అడగకుండనే ఫార్మాట్ కొట్టిచ్చిన్రు.

చౌరస్తా_సర్వీస్
ఎవడో చేసిన దానికి నన్నెందుకు అంటున్నవ్? ఈడ కౌంటర్ మీద సీపీయూ పెట్టి సాయంత్రంకల్లా కావాలె అంటరు. ఇంకో 1 టీబీ అంట! ఎవరింట్ల ఖాళీగ పడున్నది? కొనుమంటే మొఖం మాడ్చుకుంటరు. ఉన్నదాన్నే నడిపియ్యాలె, గందుకే స్లాష్ ఆర్. నాకు తెల్వక కాదు.

భద్రకాళి_బ్యాకప్
ఈ మాట మొదలే అంటే అయిపోవు గదన్నా. నువ్వు డిస్క్ నడవాలంటున్నవ్, నేను ఫోటోలు దక్కాలంటున్న. కోడెక్ మీద ఇంతసేపు కొట్టుకున్నం. తమ్మీ, ఫోటోల ఫోల్డర్ ఎంత ఉన్నది?

పరకాల_పీసీ
96 జీబీ. 128 పెన్‌డ్రైవ్ ఒకటున్నది.

భద్రకాళి_బ్యాకప్
విండోస్‌ల అది 119 చూపిస్తది, సరిపోతది.

చౌరస్తా_సర్వీస్
ముందు ఎక్స్‌ఫ్యాట్‌ల ఫార్మాట్ చెయ్యి. ఫ్యాట్32 ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పోదు, పెండ్లి వీడియో కాడ్నే ఆగుతది. చూసుకో, ఫార్మాట్ కొట్టేది పెన్‌డ్రైవ్ మీద, డి మీద కాదు.

పరకాల_పీసీ
ఒకటి చెప్పలే. రాత్రే స్లాష్ ఆర్ కొట్టిన, నాలుగో స్టేజీల ఉన్నది. పెండింగ్ నిన్న 8, ఇయ్యాల 18.

భద్రకాళి_బ్యాకప్
18 కాదు, 24. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో రా వాల్యూలు (అసలు అంకెలు) హెక్స్‌ల, అంటే 16 చొప్పున లెక్కల, చూపిస్తది. ఫంక్షన్, అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్‌ల 10 డెసిమల్ పెట్టు.

చౌరస్తా_సర్వీస్
చదివితే బయటపడ్డయ్. కొత్తగ పుట్టలే.

భద్రకాళి_బ్యాకప్
ఇంక చదవనిదాంట్ల ఎన్నున్నయో మరి?

చౌరస్తా_సర్వీస్
కంట్రోల్ సీ కొట్టి ఆపు తమ్మీ. మధ్యల ఆపినందుకు డిస్క్‌కు ఏం కాదు. పెన్‌డ్రైవ్ పెట్టు.

కాజీపేట_జంక్షన్
కేబుల్ అడిగిన, ఎవ్వరు చెప్పరు. 199 నంబర్ (కేబుల్ మీద పోయే డేటాల తప్పుల లెక్క) ఎంత? అది పెరుగుతుంటే తప్పు కేబుల్‌ది. మార్చినంక గూడ పాత లెక్క సున్నా కాదు, పెరుగుడు ఆగిందా అని చూడాలె.

పరకాల_పీసీ
199 సున్నానే అన్నా. కాపీ నడుస్తున్నది, 61 జీబీ అయింది. లాగ్‌ల మూడు ఫైళ్లు ఫెయిల్ అని పడ్డయ్.

చౌరస్తా_సర్వీస్
గా మూడింటి పేర్లు రాసిపెట్టుకో, ఎవరి వాట్సాప్‌లనన్న దొరుకుతయ్. కాపీ అయినంక స్లాష్ ఆర్ కొడ్తవ్ గద?