ప్రీయాంప్ మార్చాలా? వాల్యూమ్ నాబ్ 9 గంటల దగ్గరే మోత, రాత్రి పూట ఎడమ స్పీకర్ నీరసం

పటమట, విజయవాడ:
అందరికీ నమస్కారం. నా దగ్గర ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్లు, వాటిని నడిపే 100 వాట్ల ట్రాన్సిస్టర్ పవర్ యాంప్, ఒక డాక్ (డిజిటల్ పాటను ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె), మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) ఉన్న టర్న్‌టేబుల్ ఉన్నాయి. వీటి మధ్యలో ఉండి వాల్యూమ్ మార్చే ప్రీయాంప్ మాత్రం బాగా పాతది. రికార్డు నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచే ఫోనో స్టేజ్ అందులోనే ఉంది. డాక్ నుంచి పాట పెడితే వాల్యూమ్ నాబ్ గడియారం ముల్లులా 9 గంటల దగ్గరికి రాగానే గది దద్దరిల్లుతోంది. రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక తగ్గించి వింటే ఎడమ స్పీకర్ నీరసపడి, గాత్రం కుడివైపుకు జరిగిపోతోంది. ఇంకొకటి, పాట లేనప్పుడు సన్నగా గుంయ్‌మని హమ్ వస్తోంది. షాపులో అడిగితే ట్యూబ్ (ట్రాన్సిస్టర్ల బదులు వాల్వ్‌లు వాడే) ప్రీయాంప్ పెట్టండి, అన్నీ సర్దుకుంటాయన్నారు. బడ్జెట్ లక్షన్నర. ఎక్కువగా వినేది బాలమురళి గారి గాత్రం, చిట్టిబాబు గారి వీణ. ఆ డబ్బు ప్రీయాంప్ మీద పెట్టవచ్చా?

బ్రాడీపేట, గుంటూరు:
నమస్తే అండీ. ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన మూడు బాధలకూ కారణం ఒక్కటే కాదు. అందులో ఒక్కటే ప్రీయాంప్‌ది అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ముందు మోత సంగతి. 100 వాట్లంటే 8 ఓమ్‌ల స్పీకర్ దగ్గర సుమారు 28 వోల్టులు. పవర్ యాంప్‌లు ఎక్కువగా 26 నుంచి 29 డెసిబెల్స్ గెయిన్‌తో (సిగ్నల్‌ను పెంచే మోతాదు) వస్తాయి. 28 అనుకుంటే 25 రెట్లు. అంటే మీ యాంప్ పూర్తి శక్తికి చేరడానికి దానికి అందాల్సింది 1.1 వోల్టులే. డాక్ ఏమో పూర్తి స్థాయిలో 2 వోల్టులు ఇస్తుంది. దాన్ని ప్రీయాంప్ ఇంకో 12 డెసిబెల్స్, అంటే 4 రెట్లు పెంచితే 8 వోల్టులు. అవసరం 1.1, చేతిలో ఉన్నది 8. ఇక మీరు నాబ్‌ను అడుగునే పట్టుకుని వినాలి కదా!

రాత్రి పూట ఎడమవైపు తగ్గడం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. మామూలు వాల్యూమ్ పాట్‌లో (నాబ్ తిప్పితే తిరిగే భాగం) కుడి ఎడమలకు రెండు ట్రాకులు ఉంటాయి. అవి మధ్య భాగంలో బాగానే కలిసి నడుస్తాయి కానీ, బాగా తగ్గించిన చోట ఒకదానికొకటి తేడా పడతాయి. ఖరీదైన పాట్‌లలో కూడా ఇది కొంత ఉంటుంది. మీరు రోజూ వింటున్నది సరిగ్గా ఆ చెడ్డ చోటనే.

అందుకని డాక్‌కూ ప్రీయాంప్‌కూ మధ్య 12 డెసిబెల్స్ తగ్గించే ఇన్‌లైన్ ఆటెన్యుయేటర్ల జత పెట్టి చూడండి. ఆడియో వైరు చివర ఉండే ఆర్‌సీఏ పిన్‌కే తగిలించుకునే చిన్న గొట్టాలవి. లక్షన్నరతో పోలిస్తే వాటి ఖర్చు లెక్కలోకి రాదు. ప్రీయాంప్ వెనక, పవర్ యాంప్ వైపు మాత్రం పెట్టవద్దు. ఎందుకంటే 5 మిల్లీవోల్టుల కార్ట్రిడ్జ్‌ను ఫోనో స్టేజ్ 40 డెసిబెల్స్, అంటే 100 రెట్లు పెంచితే వచ్చేది అర వోల్టే. రికార్డులకు మీ ప్రీయాంప్ గెయిన్ నిజంగా కావాలి. డాక్ 2 వోల్టులు 12 డెసిబెల్స్ తగ్గితే అదీ అర వోల్టే అవుతుంది. రికార్డు ఆపి డాక్‌కు మార్చినప్పుడు ఉలిక్కిపడే బాధ కూడా తప్పుతుంది.

హమ్‌కు కొనాల్సింది ఏమీ లేకపోవచ్చు. ఒక్కొక్కటిగా విడదీయండి. ప్రతిసారీ వైరు తీసే ముందు పవర్ యాంప్ ఆఫ్ చేయండి. ప్రీయాంప్ నుంచి వచ్చే వైర్లు తీసేశాక కూడా మోగుతుంటే పవర్ యాంప్‌దే. ఆగిపోతే వాటిని మళ్లీ పెట్టి, సోర్సుల (డాక్, టర్న్‌టేబుల్) వైర్లు ఒక్కొక్కటి తీయండి. టీవీ కూడా ఈ సెట్‌కు కలిపి ఉంటే ముందు కేబుల్ వైరును సెట్‌టాప్ బాక్స్ నుంచి ఊడదీయండి. ఆ వైరు బయటి నుంచి తన సొంత ఎర్త్‌ను మోసుకొస్తుంది. ఇంటి ఎర్త్‌తో అది చుట్టు కలిస్తే 50 హెర్ట్జ్ గుంయ్ ఖాయం. టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు ప్రీయాంప్ స్క్రూకు బిగిసి ఉందో లేదో కూడా చూడండి. హమ్ పోవడానికి ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ పోతే పెట్టె మీదికి 230 వోల్టులు వస్తాయి. ఇంట్లో పిల్లలు ఉంటారు.

సత్యనారాయణపురం, విజయవాడ:
అన్నగారు చెప్పినదానికి ట్యూబ్ గురించి ఒక్క మాట కలుపుతాను. నేను ట్యూబ్‌లకు వ్యతిరేకిని కాదు, గాత్రానికి వాటి ధ్వని నాకూ ఇష్టం. కానీ మీ పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (వచ్చే సిగ్నల్‌కు అది చూపే నిరోధం) ఎంతో మాన్యువల్‌లో చూడకుండా తీసుకోవద్దు. ట్రాన్సిస్టర్ యాంప్‌లలో 10 కిలో ఓమ్‌లవి చాలా ఉన్నాయి. ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ దానిలో పదో వంతుకు మించకూడదు. ట్యూబ్ ప్రీయాంప్‌లలో కొన్ని 2, 3 కిలో ఓమ్‌లు కూడా ఉంటాయి. పైగా చివర డీసీని ఆపే ఒక కెపాసిటర్ ఉంటుంది. అది 0.47 మైక్రోఫారడ్ అయి, ఎదురుగా 10 కిలో ఓమ్‌లు ఉంటే బేస్ 34 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ పడిపోతుంది. అదే 100 కిలో ఓమ్‌లకు కలిపితే ఆ పడే చోటు 4 హెర్ట్జ్ కిందికి పోతుంది, ఇబ్బంది లేదు. షాపులో అద్భుతంగా పాడిన పెట్టె ఇంటికొచ్చాక బేస్ తగ్గి పలచబడటానికి చాలాసార్లు ఇదే కారణం.

పటమట, విజయవాడ:
ఇద్దరికీ ధన్యవాదాలు. కేబుల్ వైరు ఊడదీయగానే హమ్ పూర్తిగా పోయింది, నమ్మలేకపోయాను. ఆటెన్యుయేటర్లు పెట్టాక నాబ్ 11 గంటలు దాటి వెళుతోంది. గాత్రం మధ్యకు వచ్చింది. బాగా తగ్గించినప్పుడు మాత్రం ఇంకా కొంచెం కుడికి లాగుతోంది. పవర్ యాంప్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లని మాన్యువల్‌లో ఉంది. ఇప్పుడు మార్చాలంటే దేన్ని చూడాలి?

బ్రాడీపేట, గుంటూరు:
మంచి మాట చెప్పారు. టీవీ కేబుల్ మళ్లీ కావాలంటే ఆ వైరులో ఎర్త్ దారిని తెంపే ఐసోలేటర్ వేసుకోండి. మిగిలిన ఆ కుడి లాగుడు పాట్‌దే, ఇక ప్రీయాంప్ మార్చడంలో అర్థం ఉంది. పాట్ బదులు రిలేలతో (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్‌లు), రెసిస్టర్లతో మెట్లు మెట్లుగా వాల్యూమ్ మార్చేది చూడండి. ఎంత తగ్గించినా రెండు వైపులూ సమానంగా ఉంటాయి, రాత్రి వినేవాళ్లకు అంతకంటే కావాల్సింది లేదు. గెయిన్ తగ్గించుకునే స్విచ్ ఉండాలి. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ కొన్ని వందల ఓమ్‌లు దాటకూడదు. లైన్ ఇన్‌పుట్లు మాత్రమే ఉన్నది తీసుకుంటే ఫోనో స్టేజ్ విడిగా కొనాలి, అది కూడా బడ్జెట్‌లో లెక్క వేసుకోండి.

రెండు ప్రీయాంప్‌లు పోల్చేటప్పుడు 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో కొలవండి. ఒకటి 2 వోల్టులు చూపిస్తే రెండోది కూడా 2 చూపించాలి, తేడా 0.05 లోపే ఉండాలి. కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ మంచిదనిపిస్తుంది, షాపుల్లో మనం మోసపోయేది అక్కడే. మీ గచ్చు టైల్స్ అయితే ఒక మందపాటి తివాచీ పరిచి అప్పుడు వినండి. టైల్స్ గదిలో ఆ తేడా ప్రీయాంప్ తేడా కంటే పెద్దగా వినిపించవచ్చు.

సత్యనారాయణపురం, విజయవాడ:
సెకండ్ హ్యాండ్‌లో చూస్తే వెనక ప్లేట్ మీద వోల్టేజ్ చదవకుండా ప్లగ్ పెట్టవద్దు. జపాన్ మార్కెట్ కోసం చేసినవి 100 వోల్టులవి, అమెరికావి 120. మన 230లో పెడితే కాలిపోవచ్చు. లోపల మార్చుకునే వీలు లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇంటికి తెచ్చాక పవర్ యాంప్‌కు కలపకముందే అవుట్‌పుట్‌లో డీసీ ఎంత ఉందో మీటర్ పెట్టి చూడండి. కొన్ని మిల్లీవోల్టులైతే పరవాలేదు. అంతకు మించితే కలపకుండా ముందు టెక్నీషియన్‌కు చూపించండి. ఆన్ చేసేటప్పుడు ప్రీయాంప్ ముందు, పవర్ యాంప్ తర్వాత. ఆపేటప్పుడు పవర్ యాంప్ ముందు. కరెంటు పోయి వచ్చినప్పుడు రెండూ ఒకేసారి ఆన్ కాకుండా, పోగానే పవర్ యాంప్ స్విచ్ కట్టేసే అలవాటు చేసుకోండి.