కరోనా పిల్లల్లో తేలికగా పోయి పెద్దల్లో ఎందుకు ముదిరింది?

ప్రశ్న, దేవరకొండ నుంచి:
2021 మే నెలలో మా ఇంట్లో అందరికీ కరోనా సోకింది. ఆరేళ్ల పాప ఒక్క రాత్రి జ్వరంతో పడుకుని, తెల్లారేసరికి సద్దన్నం అడిగి తిని వాకిట్లో ఆటకు దిగింది. అదే గదిలో పడుకున్న మా బాపుకు మాత్రం ఆక్సీమీటరులో 84 చూపించడంతో నల్లగొండకు తీసుకుపోయి పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంచవలసి వచ్చింది. పిల్లలకు రోగనిరోధక శక్తి తక్కువని కదా మనం వింటూ వచ్చింది?

జవాబు, మహబూబ్‌నగర్ పిల్లల వైద్యుడు:
తక్కువ అనడం కన్నా వేరు అనడం సరైనది. పిల్లల ముక్కు లోపలి పొరలోని కణాలు వైరస్‌ను పసిగట్టడానికి ముందే సిద్ధమై ఉంటాయని 2021లో జర్మనీ పరిశోధకులు చూపించారు. అందువల్ల వైరస్‌ను ఎదుర్కోమని చుట్టుపక్కల కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ త్వరగా విడుదలై, వైరస్ ఊపిరితిత్తులకు దిగకముందే దాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. పెద్దవారిలో ఈ స్పందన ఆలస్యమైతే వైరస్ కిందికి దిగుతుంది, ఆ తర్వాత శరీరం చేసే ఎదురుదాడి హద్దు మీరి సొంత ఊపిరితిత్తులనే వాచేలా చేస్తుంది. 70 ఏళ్లు దాటిన వారిలో సుమారు 4 శాతం మందికి తమ ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనీయని ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఉంటాయని కూడా తేలింది.

జవాబు, సూర్యాపేట జీవశాస్త్ర ఉపాధ్యాయుడు:
వైరస్ అతుక్కునే ఏస్2 గ్రాహకాలు పిల్లల ముక్కులో తక్కువని 2020లో న్యూయార్క్ పరిశోధన ఒకటి చెప్పింది. అసలు కారణం అదే కాదా సార్?

మళ్లీ వైద్యుడు:
అదొక్కటే అయితే పిల్లల ముక్కులో వైరస్ తక్కువగా దొరకాలి. కానీ చాలా పరీక్షల్లో పెద్దలతో సమానంగానే దొరికింది, కాబట్టి నేను దానికి రెండో స్థానమే ఇస్తాను.

జవాబు, మిర్యాలగూడ ఆశా కార్యకర్త:
దీన్ని అన్ని వైరస్‌లకూ అన్వయించకండి. ఆర్ఎస్‌వీ అనే శ్వాసకోశ వైరస్ సోకితే పెద్దలకు చాలాసార్లు జలుబుతోనే పోతుంది, నెలల పసికందుకేమో సన్నని శ్వాసనాళాలు వాచి డొక్కలు ఎగరేసేదాకా వస్తుంది. కరోనా తగ్గిన రెండు నుంచి ఆరు వారాల్లో పిల్లలకు మళ్లీ జ్వరం, ఒంటిపై దద్దుర్లు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అన్నా, మీ బాపుకు షుగర్ ఉందా?

దేవరకొండ నుంచి:
పదిహేనేళ్లుగా ఉందక్కా. ఆ నెల లాక్‌డౌన్‌లో మాత్రలు అయిపోతే పది రోజులు తెప్పించలేదు.