అప్‌డేట్: రెప్లికా వాచీలో ఉన్నది స్విస్ మెషిన్ కాదు

బావ దుబాయ్ నుంచి తెచ్చిన రెప్లికా వాచీలో నిజంగా ఈటీఏ 2824-2 (స్విస్ ఆటోమేటిక్ మెషిన్) ఉందా, ఎన్నాళ్లు ఆడుతుందని ఇదివరకు అడిగాను కదా. వెనక మూత తీయించాను.

తీయకముందే అనుమానమొచ్చింది. కీ బయటికి లాగినా సెకన్ల ముల్లు ఆగడం లేదు, అసలు 2824-2లో ఆగుతుంది. లోపల ఉన్నది డీజీ2813, అంటే జపాన్ మెషిన్ మియోటా 8215 తరహాలో చైనాలో చేసినది. దీనిది గంటకు 21,600 బీట్లు (టిక్‌లు), 2824-2ది 28,800. రోటర్ (చేయి కదిలినప్పుడు తిరిగే బరువు ముక్క) ఒకవైపు తిరిగితేనే స్ప్రింగ్ చుట్టుకుంటుంది, రెండోవైపు ఊరికే గిర్రున తిరుగుతుంది. వాచీలోంచి నాకు వినిపిస్తున్న గరగర శబ్దం ఇదేనట.

టైమ్‌గ్రాఫర్ (వాచీ నడకను కొలిచే పరికరం) మీద పెడితే ఆంప్లిట్యూడ్, అంటే లోపలి బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం, 200 డిగ్రీలు కూడా దాటలేదు. 270 దాకా ఉంటే బాగున్నట్టు. మేస్త్రీ భూతద్దంలో చూపించాడు: కొన్ని జ్యువెల్స్‌లో (చక్రాల ఇరుసులు తిరిగే చిన్న రాళ్లు) నూనె చుక్కే లేదు, ఒకచోట మాత్రం పొంగి పక్కకి కారింది. "మెషిన్ చెడ్డది కాదు సార్, బిగించినవాడే సరిగ్గా చేయలేదు" అన్నాడు. సరైన నూనె, రెగ్యులేషన్ (వేగం సరిచేయడం) ఉంటే ఇవి ఏళ్లకేళ్లు ఆడతాయట. నాకూ అదే సబబనిపించింది.

సర్వీస్ ఖర్చుకంటే కొత్త డీజీ2813 వేయడమే చవక కాబట్టి మెషిన్ మార్పించేశాను. మూత రబ్బరు రింగు కూడా ఎండిపోయింది, అదీ మార్చాడు. అయినా నీళ్ల దగ్గరికి తీసుకెళ్లొద్దన్నాడు. డయల్ మీద మాత్రం 300 మీటర్లని దర్జాగా రాసుంది!