పాత క్వాలిస్ ఘాట్ ఎక్కితే హీట్ ఎక్కుతోంది, థర్మోస్టాట్ పీకేయమంటున్నారు, పీకేయొచ్చా?

ఒంగోలు క్వాలిస్:
అందరికీ నమస్తే. మాది 2003 మోడల్ క్వాలిస్, 2.4 డీజిల్, నాన్న కొన్న బండి, ఇంట్లో ఎవరూ అమ్మనివ్వరు. ఊళ్ళో తిరిగినంతసేపు ఏ గొడవా లేదు, ముల్లు సగానికి కాస్త కిందే ఉంటది. మొన్న శ్రీశైలం వెళ్తుంటే దోర్నాల దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక ముల్లు మెల్లగా లేచింది, ఏసీ ఆపితే కొంచెం దిగుతుంది, మళ్ళీ ఓ లారీ వెనకాల ఇరుక్కుని సెకండ్ గేర్లో ఎక్కుతుంటే ఎర్ర గీత దాకా పోయింది, బండి నిండా జనం. పక్కనాపి చల్లారబెట్టుకుని ఏసీ లేకుండా ఎలాగో శిఖరం చేరాం. నీళ్ళు పెద్దగా తగ్గలేదు, లీకు ఎక్కడా కనపళ్ళేదు. మా మెకానిక్ ఏమో మన ఎండలకి థర్మోస్టాట్ దేనికండీ పీకేద్దాం అంటాడు, ఇంకొకాయన 76 డిగ్రీలది వేయించు చల్లగా ఉంటది అంటాడు. ఏది చేయమంటారు?

ఆటోనగర్ డీజిల్:
రెండూ వద్దు తమ్ముడూ. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ నీళ్ళని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు, దాని పని ఇంజిన్ మరీ చల్లగా ఉండకుండా చూడ్డమే. 82 డిగ్రీలదైతే 82 దగ్గర తెరుచుకోవడం మొదలెట్టి 95కల్లా పూర్తిగా తెరుచుకుంటుంది, అక్కడితో దాని పని అయిపోయింది. నీ ముల్లు ఎర్ర గీత దగ్గరుందంటే అది ఎప్పుడో తెరుచుకుని ఉండాలి, కాబట్టి 76ది వేసినా ఘాట్లో అదే కథ, కాకపోతే పొద్దున్నే ఇంజిన్ వేడెక్కడానికి ఇంకాస్త ఎక్కువ టైం పడుతుంది. అసలు అది ఇరుక్కుపోయిందేమో అని డౌటుంటే ఓ గిన్నెలో నీళ్ళు కాచి దారానికి కట్టి వేలాడదీసి చూడు, మరిగేలోపు నోరు తెరవకపోతే మార్చెయ్, పెద్ద ఖరీదు కాదు.

పీకేస్తే ఏమవుద్దంటే, బైపాస్ దారి, అంటే నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా తిరిగి ఇంజిన్లోకే పోయే అడ్డదారి ఉన్న ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేప్పుడు దాని అడుగునుండే చిన్న రేకు ఆ బైపాస్‌ని మూసేస్తుంది. మొత్తం పీకేశావనుకో, బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్ళు కొన్ని రేడియేటర్ మొహం కూడా చూడకుండా మళ్ళీ ఇంజిన్లోకే పోతాయి. అంటే ఘాట్లో హీట్ ఇంకా పెరగొచ్చు, ఊళ్ళో ఏమో ఇంజిన్ సరిగా వేడెక్కక మైలేజీ పోతుంది.

ముందు ఒకటి చెప్పు, హైవే మీద 80, 90లో పోతుంటే హీట్ ఎక్కుతుందా లేక మెల్లగా పోయేప్పుడేనా?

ఒంగోలు క్వాలిస్:
హైవే మీద ఎప్పుడూ ఎక్కలేదు అన్నా. మెల్లగా లోడుతో పోయేప్పుడే. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడినా కొంచెం లేస్తది.

ఆటోనగర్ డీజిల్:
అయితే ముందు గాలి సంగతి చూడాలి. స్పీడులో గాలి దానంతటదే వస్తుంది, మెల్లగా పోయేప్పుడు అంతా ఫ్యాన్ మీదే ఆధారం. నీ బండికి ఉండేది క్లచ్ ఫ్యాన్, మధ్యలో ఉండే బిళ్ళలో సిలికాన్ ఆయిల్ ఉంటుంది, రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితే అది పట్టుకుని ఫ్యాన్ని గట్టిగా తిప్పుతుంది. ఇరవై ఏళ్ళ బండిలో ఆ ఆయిల్ కారిపోయి ఉండటం మామూలే. బాగా హీటయ్యాక ఇంజిన్ ఆపేసి, తాళం చేతిలో పెట్టుకుని, ఫ్యాన్ రెక్కని చేత్తో తిప్పు. బరువుగా కదిలి ఆగిపోవాలి. సైకిల్ చక్రంలా రయ్యిన తిరిగిందా, ఆ బిళ్ళ, అదే కప్లింగ్, పోయినట్టే. బిళ్ళ చుట్టూ నూనె కారి దుమ్ము పట్టి నల్లగా ఉందేమో కూడా చూడు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా మాత్రం చెయ్యి పెట్టకు బాబూ.

ఇంకోటి, లేజర్ చుక్క పడే టెంపరేచర్ గన్ను ఒకటి దొరికితే రేడియేటర్ పై పైపు, కింది పైపు రెండూ కొలువు. రబ్బరు మీద కొట్టు, మెరిసే రేకు మీద కొడితే తప్పు చూపిస్తుంది. రెండూ వేడిగా ఉండి తేడా మూడు నాలుగు డిగ్రీలే ఉంటే గాలి చాలట్లేదని, కిందిది మరీ చల్లగా ఉంటే నీళ్ళు కదలట్లేదని, అంటే పంపో, రేడియేటర్ లోపల పూడుకోవడమో, కింది హోస్ పీల్చుకుని చప్పబడటమో.

నల్గొండ పిల్లగాడు:
అన్నా మీరు అందులో ఏం నీళ్ళు పోస్తుండ్రు? మా దిక్కు బోరు నీళ్ళు పోసి పోసి రేడియేటర్లు సున్నం గట్టి ఖరాబైతయ్. మా బాపు బొలెరోది ఇప్పి చూస్తే సగం ట్యూబులల్ల పుల్ల గూడ దూరలే. దాబా కాడ డ్రమ్ముల నీళ్ళు గూడ గంతే. బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్, దాంట్ల కూలెంట్ కలిపి పోయుండ్రి, ఖర్చెంతైతది చెప్పుండ్రి.

ఒంగోలు క్వాలిస్:
నీళ్ళ సంగతి అడగొద్దు, నాన్న టైంలో కుళాయి నీళ్ళే. మరి కూలెంట్ నీళ్ళు కలపకుండా చిక్కగా పోస్తే ఇంకా చల్లగా ఉంటుందా?

గుంటూరు మెకానికల్:
ఉండదండి, ఉల్టా. వేడిని మోసేది నీళ్ళే, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ఆ పనిలో నీళ్ళకంటే వెనకబడే ఉంటుంది. దాని ఉపయోగం తుప్పు పట్టకుండా, తొందరగా మరక్కుండా, గడ్డ కట్టకుండా. గడ్డ కట్టడం మనకి లంబసింగిలో కూడా పెద్ద సమస్య కాదు కాబట్టి డబ్బా మీద రాసిన కనీస పాళ్ళు వేసుకుంటే చాలు, సగం సగం కంటే చిక్కగా అస్సలు వద్దు. కొన్ని డబ్బాలు ముందే కలిపేసి అమ్ముతారు, వాటిలో మళ్ళీ నీళ్ళు కలపకండి.

అందరూ మర్చిపోయేది క్యాప్. రేడియేటర్ మూత లోపల స్ప్రింగు ప్రెషర్ పట్టి ఉంచుతుంది, 0.9 బార్ మూతైతే ఉట్టి నీళ్ళు కూడా 118 దాకా మరగవు. రబ్బరు వాషర్ పగిలిపోతే వందకే మరిగి పక్కనుండే రిజర్వ్ డబ్బాలోకి తన్నేస్తాయి. మూత మార్చేప్పుడు దాని మీదున్న నంబరుదే కొనండి, ఎక్కువ ప్రెషర్‌ది వేస్తే పాత పైపులు పగుల్తాయి.

హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య ఉండే ప్యాకింగ్, దాని డౌట్ కూడా తీర్చేసుకోండి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేసి చూడండి, మొదట్లో కాసిని బుడగలు వచ్చి ఆగిపోతే అది మిగిలిన గాలి, ఆగకుండా వస్తూనే ఉంటే, లేదా స్టార్ట్ చేసిన నిమిషానికే పై హోస్ రాయిలా బిగుసుకుంటే, కంప్రెషన్ నీళ్ళలోకి వస్తోందని అర్థం. అదైతే ఫ్యాన్లూ రేడియేటర్లూ ఎన్ని మార్చినా దండగ, హెడ్ దించి లేత్‌లో ఫేసింగ్, అంటే అడుగు చదునుగా ఉందో లేదో, చూపించాల్సిందే.

ఒంగోలు క్వాలిస్:
ఈ ఆదివారం కూర్చున్నా. బుడగలు లేవు, బతికిపోయాం. మధ్యాహ్నం ఏసీ వేసి నిలబెట్టి కొలిస్తే పై పైపు 98, కిందిది 94. ఫ్యాన్ చేత్తో తిప్పితే హాయిగా తిరిగేస్తోంది, బిళ్ళ చుట్టూ జిడ్డు. రేడియేటర్ జాలీ మీద గన్ను కొట్టుకుంటూ పోతే ఓ మూల మాత్రం మిగతా దానికంటే బాగా చల్లగా చూపిస్తోంది, అదేంటి?

ఆటోనగర్ డీజిల్:
ఆ మూల ట్యూబులు పూడుకుపోయాయి, నీళ్ళు అటు పోవట్లేదు. ఫ్యాన్ కప్లింగ్ మార్చు, పనిలో పనిగా రేడియేటర్ కూడా దించు. దించాక ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు చూడు, బయట్నుంచి ఎంత కడిగినా ఆ సందులోది పోదు. ఇత్తడి ట్యాంకుదైతే రేడియేటర్ షాపులో ట్యాంకు విప్పి రాడింగ్ చేస్తారు, ట్యూబుల్లో సన్న బద్దలు దూర్చి సున్నం గీకడం. ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం జాలీ అయితే ఆ పని నడవదు, కొత్తది వేసుకోవడమే మేలు. యాసిడ్ పోసి కడుగుతాం అంటే ఒప్పుకోకు.

ఒంగోలు క్వాలిస్:
అన్నా నువ్వు చెప్పిన సందులో పురుగులు, గడ్డి నూగు, పత్తి, ఎండిన మట్టి, జాలీ కనపడకుండా పట్టేసి ఉంది. లోపలి వైపు నుంచి బయటికి సన్న ధారతో కడిగాం, ప్రెషర్ వాషర్ పెడతానంటే వద్దన్నా, రేకులు వంగిపోతాయని. కప్లింగ్ కొత్తది, రేడియేటర్‌కి రాడింగ్, మూత, రెండు హోసులు, బెల్టు, థర్మోస్టాట్ 82దే కొత్తది. ముందు గార్డుకి కట్టిన పెద్ద బోర్డు కూడా పీకేశా, సగం జాలీకి అడ్డం అదే. నీళ్ళు నింపాక ముందు చక్రాలు ఎత్తు మీద పెట్టి మూత తీసి ఇంజిన్ నడిపితే గాలంతా బుసబుసా వచ్చి మట్టం దిగింది, మళ్ళీ నింపాం.

నిన్న గిద్దలూరు నుంచి నంద్యాల ఘాట్లో ఏసీ వేసుకునే వెళ్ళాం. ముల్లు సగం దగ్గరే నిలబడింది, ఎక్కుడులో ఫ్యాన్ హోరుమని మోగుతోంది, కొత్తగా ఉంది ఆ సౌండు.

అనకాపురం రాజు:
హోరు మంచిదే గురూ, క్లచ్ పట్టుకుందని. అసలు ఘాట్లో అలా లేచినప్పుడు వెంటనే ఇంజిన్ ఆపేయాలా? మావోడు ఆపేసి బకెట్ నీళ్ళు పోశాడు.

గుంటూరు మెకానికల్:
నీళ్ళు కారిపోతుంటే, ఆవిరి తన్నుతుంటే వెంటనే ఆపెయ్యండి. నీళ్ళు ఉన్నాయి, ముల్లు మాత్రం లేచిందంటే ఏసీ ఆపి, హీటర్ ఉంటే ఫుల్లు పెట్టి, పక్కకి తీసి న్యూట్రల్‌లో కాస్త రేసు ఇచ్చి నడవనివ్వండి, ఫ్యాన్, పంపు తిరుగుతూ ఉంటాయి కాబట్టి దిగుతుంది, దిగకపోతే ఆపెయ్యండి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్ళు పోస్తే హెడ్ పగలొచ్చు. మూత మాత్రం చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే, గుడ్డ వేసి, ముందు మొదటి నొక్కు దాకా తిప్పి ప్రెషర్ పోయాక.

అనకాపురం రాజు:
మాది పాత మారుతి 800 అండి, కరెంటు ఫ్యాను, క్లచ్ లేదు. అదీ ట్రాఫిక్‌లో హీటవుతోంది.

ఆటోనగర్ డీజిల్:
దానికి టెంపరేచర్ స్విచ్ ఉంటుంది. రెండు వైర్ల స్విచ్ అయితే సాకెట్ లాగి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఆ రెండు వైర్లు ఓ తీగముక్కతో కలుపు. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయింది, తిరక్కపోతే ఫ్యూజు, రిలే, మోటారు చూడు. ఎవరైనా ఈ మధ్య మోటారు మార్చి ఉంటే ఫ్యాన్ ముందు కాగితం పెట్టి గాలి ఎటు పోతోందో కూడా చూడు, ప్లస్సు మైనస్సు తారుమారుగా కలిపితే ఉల్టా తిరిగి గాల్ని ముందుకి తోస్తుంది.